చలిపిల్లకు దుప్పటి

ఇంట్లో ఉన్న రెండు పెద్ద సంచుల్నీ మంచం మీదికెక్కించి మేస్త్రి భార్య పొద్దున్నించీ వాటితో కుస్తీ పడుతోంది. సర్దడం, మొత్తం బయటికి తియ్యడం, మళ్ళీ మొదటికి రావడం. ఎడమ వైపున్నది మొగుడి సంచి, కుడి వైపున్నది తమ్ముడిది. మొగుడికి పెట్టింది తమ్ముడికి లేదని గుర్తొచ్చి వాడికొకటి, వాడికి పెట్టింది ఈయనకి తక్కువైందని ఈయనకొకటి పెట్టుకుంటూ పోయేసరికి రెండు సంచులూ సూడి గేదెల్లా తయారయ్యాయి. అప్పుడు దుప్పట్లు గుర్తొచ్చాయి. రెండూ ఒకే రకం ఉన్ని దుప్పట్లు. కలిసిపోకుండా మొగుడిదానికి ఎర్ర అంచు, తమ్ముడిదానికి నీలం అంచు కుట్టి ఉంచింది.

"అక్కా, మేం వెళ్ళేది శిక్షణకే, యుద్ధానికి కాదు," అన్నాడు తమ్ముడు గుమ్మానికి ఆనుకుని.

"యుద్ధానికి వెళ్ళేవాళ్ళకి సర్కారు దుప్పట్లిస్తుంది. మీకెవరిస్తార్రా?"

"చలేస్తే బావ పక్కన పడుకుంటాలే. ఆయన ఒంట్లో బొగ్గు ఇంకా మండుతూనే ఉంది."

కుర్చీలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్న మేస్త్రి తలెత్తలేదు. "నీ పక్కన పడుకోవడం కంటే బస్టాండులో పడుకోవడం నయం. నీ గురకకి ఆ యార్డు గోడలు పడిపోకుండా ఉంటే చాలు."

మేస్త్రి ఆ ఊరి కరెంటు స్టేషన్లో బాయిలర్లు కాసిన మనిషి. నూనూగు మీసాల నాడు చేరాడు, నెరిసిన మీసాలతో ఇప్పుడు బయటికొచ్చాడు. తను చేరిన కొన్నేళ్ళకి బావమరిదిని కూడా తన షిఫ్టులోనే పెట్టించుకున్నాడు. ఆ కుర్రాడు మొదటి రోజే, బాయిలరు హోరు మీదుగా, "బావా, ఈ చక్రం ఎటు తిప్పాలి?" అని అరిచాడు. ఆ రోజు నుంచీ గేటు దగ్గర కాపలావాడు మొదలు పెద్ద ఇంజనీరు దాకా అందరికీ ఆయన బావే అయిపోయాడు. స్టేషన్ మొత్తమ్మీద ఆయన్ని మేస్త్రి అని పిలిచేవాళ్ళు లేరు. ఊరు మొత్తమ్మీద బావా అని పిలవని మనిషి ఆయన భార్య ఒక్కతే.

ఆ స్టేషన్ మూసేశారు. బొగ్గు గుట్ట ఉండే స్థలం ఊడ్చి చదును చేసి, అక్కడ పెద్ద బ్యాటరీ యార్డు కడుతున్నారు. ఇలాంటి యార్డు ఒకటి కొండల మీద ముందే కట్టేశారు. పాతవాళ్ళు అక్కడికి వెళ్ళి పని నేర్చుకుని వస్తే సొంత ఊళ్ళో కొత్త యార్డులో ఉద్యోగం. శిక్షణలో పెద్ద తప్పేదైనా చేస్తే ఆరు నెలలు దీవి. దీవి అంటే సముద్రంలో ఉన్న ఒక చిన్న ఊరు. అక్కడికింకా సముద్రం అడుగు నుంచి తీగ వెయ్యలేదు కాబట్టి పాత బాయిలరొకటి దగ్గుకుంటూ నడుస్తోంది. దాన్ని కాయడానికి మనుషులు దొరక్క గ్రిడ్డు వాళ్ళు ఎవరు తప్పు చేస్తారా అని కాచుకుని ఉన్నారని స్టేషన్లో చెప్పుకునేవారు.

బయల్దేరే ముందు భార్య మేస్త్రిని వంటింట్లోకి పిలిచింది. గొంతు తగ్గించి చెప్పింది. "వాడి నోరు ఊరుకోదు. లేనిపోనివన్నీ నెత్తి మీదికి తెచ్చుకుంటాడు. నా వైపు మిగిలింది వాడొక్కడే. వాణ్ని మళ్ళీ ఈ గుమ్మంలోకి తీసుకొచ్చే పూచీ మీది."

"సరే," అన్నాడు మేస్త్రి.

"సరే అని ఊరికే అనకండి. నీళ్ళు దాటి వెళ్ళిన మనిషి వెళ్ళినట్టు తిరిగి రాడు. నేను చూశాను."

"మేమెక్కేది కొండ. నీళ్ళెక్కడివి?"

"నేను చెప్పాల్సింది చెప్పాను." ఆ తర్వాత తమ్ముణ్ని పిలిచింది.

బస్సు ఊరు దాటాక బావమరిది ఇక ఆపుకోలేకపోయాడు. "బావా, అక్క వంటింట్లో ఏం చెప్పిందో తెలుసా? నువ్వు మొండిఘటానివట. నీకు తెలిసిందే తప్ప ఇంకొకటి తలకెక్కదట. నిన్ను జాగ్రత్తగా ఇంటికి చేర్చే పూచీ నాదట."

మేస్త్రి కిటికీలోంచి మొహం తిప్పి చూశాడు. "నీకు నన్ను అప్పగించిందా?"

"అప్పగించింది."

"నాకు నిన్ను అప్పగించింది."

 తర్వాత, ఎవరికి ఎవరు కాపలా అన్న దాని మీద కొండ మలుపులన్నీ అయ్యేదాకా పోట్లాడుకున్నారు. ముందు సీట్లో ఒక ముసలాయన వెనక్కి తిరిగి, మీరిద్దరూ అన్నదమ్ములా అని అడిగాడు. అంతటి అవమానం తమకెన్నడూ జరగలేదన్నట్టు ఇద్దరూ ఒక్కసారే కాదన్నారు.

కొండ మీద చెట్టూ చేమా లేదు. గాలి మాత్రం ఉంది, కావలసినంత. ఆ గాలిలో తెల్లటి ఇనప పెట్టెలు వరసలు వరసలుగా నిలబడి ఉన్నాయి. ఒక్కోటీ లారీ అంత. పొగగొట్టం లేదు, మంట లేదు, మసి లేదు. పెట్టె వెనకాల జాలీలోంచి ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మేస్త్రి మొదటి రోజు వరసల మధ్య నడిచి, చేతులు చూసుకున్నాడు. చేతులు తెల్లగా ఉన్నాయి. పనిచేసిన చోట చేతులు తెల్లగా ఉండటం ఆయనకి నచ్చలేదు.

పాఠం చెప్పే ఇన్‌ఛార్జి మేడం ఆయనకి కూతురయ్యే వయసుది. చకచకా మాట్లాడుతుంది, ఎన్నిసార్లడిగినా విసుక్కోదు. పిల్లల బెంచీల్లాంటి వాటిల్లో మోకాళ్ళు పట్టక అవస్థ పడుతున్న పాత స్టేషన్ల వాళ్ళని చూసి మొదటి రోజే బెంచీలు మార్పించింది.

"ఇది కరెంటు చేస్తుందా మేడం?" అనడిగాడు మేస్త్రి.

"చెయ్యదు మేస్త్రిగారూ. దాచిపెడుతుంది. పగలు ఎండకి, గాలికి పుట్టిన కరెంటు వాడేవాళ్ళు తక్కువ. సాయంత్రం అందరూ ఒక్కసారే దీపాలేసుకుంటారు, పొయ్యిలు వెలిగిస్తారు. అప్పటికి ఎండ ఉండదు. పగలు దాచింది అప్పుడు తీసి వడ్డిస్తాం."

"అయితే చద్ది కరెంటన్న మాట."

గది ఘొల్లుమంది. మేడం కూడా నవ్వింది. ఆ పేరు యార్డులో స్థిరపడిపోయింది. వారం తిరక్కుండా గ్రిడ్డు ఆఫీసు నుంచి ఫోన్ చేసేవాళ్ళు కూడా ఈ పూట చద్ది ఎంతుందని అడగడం మొదలుపెట్టారు.

ఆయన మొండిఘటమని భార్య అన్నా, మేస్త్రి పాఠాలు బాగానే నేర్చుకున్నాడు. పరీక్షలో అందరి కంటే ముందున్నాడు. తలకెక్కింది కానీ చేతికెక్కలేదు, అక్కడే వచ్చింది చిక్కు. బాయిలరు మనిషి చేతికి ఒకటే తెలుసు. యంత్రం చల్లబడకూడదు. చల్లబడిన బాయిలరుని మళ్ళీ లేపడమంటే పగలూ రాత్రీ జాగారం. అందుకే ఆయన షిఫ్టు ఎక్కగానే బాయిలరు తలుపు మీద అరచెయ్యి వేసి, వెచ్చగా ఉందా లేదా చూసేవాడు. తర్వాత పొడుగాటి స్క్రూడ్రైవరు కొస దాని ఒంటికి ఆనించి, పిడి చెవికి ఆనించి, లోపల ఏమంటోందో వినేవాడు. ఇక్కడా అదే చేశాడు. పొద్దున్నే లేచి పెట్టెపెట్టెకీ చెయ్యి ఆనించి, చెవి పెట్టి వచ్చేవాడు.

"బావా, అవి డాక్టరు కోసం కూర్చున్న రోగులు కావు," అనేవాడు బావమరిది.

"నోర్ముయ్. నువ్వు వాగుతుంటే సరిగ్గా వినపడటం లేదు."

చివరి వరసలో, గాలికి అందరి కంటే ముందు నిలబడ్డ పెట్టె ఒకటుంది. దాని వీపు కంచె వైపు, మొహం వరస వైపు. మేస్త్రి దాని వెనక స్క్రూడ్రైవరు ఆనించి వింటే లోపల గడగడమని వణుకు. పక్క పెట్టెల్లో లేదు. దీనికే. చెయ్యి పెడితే మంచుగడ్డలా ఉంది. ఆయన దానికి చలిపిల్ల అని పేరు పెట్టాడు. టీ గ్లాసు పట్టుకుని దాని దగ్గరికే వెళ్ళి తాగేవాడు.

"దానికేదో అయింది రా. వణుకుతోంది."

"ఫ్యాను తిరుగుతోంది బావా."

"మిగతావాటికీ ఫ్యాన్లున్నాయి. అవి వణకవే?"

"అడిగొస్తాను ఉండు," అని బావమరిది నిజంగానే పక్క పెట్టె దగ్గరికి వెళ్ళి, చెవి పెట్టి, తిరిగొచ్చాడు. "దానికి పెళ్ళయింది కాబట్టి అలవాటైపోయిందట."

మేస్త్రి ఆ పూటంతా వాడితో మాట్లాడలేదు.

యార్డు మొత్తానికీ పెద్ద పరీక్ష ఒక సాయంత్రం పెట్టారు. సూర్యాస్తమయం నుంచి చద్దినంతా పూర్తి బలంతో గ్రిడ్డుకి ఇవ్వాలి. చెప్పిన అంకెకి తగ్గకూడదు. తగ్గితే పరీక్ష పోయినట్టే. గ్రిడ్డు పెద్దలు ఇస్త్రీ చెదరని చొక్కాలతో వచ్చి కంట్రోల్ రూములో కుర్చీల్లో కూర్చున్నారు. ఆ మధ్యాహ్నం నుంచే గాలి ఈలలేస్తోంది. మేస్త్రి ఆఖరిసారి పెట్టెలన్నీ చూసొద్దామని వెళ్ళి, చలిపిల్ల వీపు మీద చెయ్యి వేశాడు. ఇంత చల్లగా ఉన్నదాన్ని ఒక్కసారిగా పరుగెత్తమంటే ఏమవుతుంది? ఏ బాయిలరునీ ఆయన అలా పరుగెత్తించలేదు. నెమ్మదిగా వెచ్చబెట్టి, బుజ్జగించి లేపేవాడు. అక్కడే నిలబడి కాసేపు ఆలోచించాడు. ఆ తర్వాత గదికి వెళ్ళి తన దుప్పటి తెచ్చాడు. అది చాలలేదు. వెళ్ళి బావమరిది దుప్పటి కూడా తెచ్చాడు. రెంటినీ జాలీ మీదుగా కప్పి, అంచులు తాడుతో బిగించి కట్టాడు. గాలి ఆగింది. చెవి పెట్టి విన్నాడు. వణుకు తగ్గింది. తృప్తిగా దాన్ని తట్టి కంట్రోల్ రూముకి వెళ్ళాడు.

సూర్యుడు దిగాడు. మేడం మీట నొక్కింది. బాయిలరు లేవడానికి ఒక రాత్రి పట్టేది, ఇవన్నీ కన్నుమూసి తెరిచేలోగా లేచి నిలబడ్డాయి. గోడ మీది పెద్ద తెరలో పెట్టెలన్నీ ఆకుపచ్చ గళ్ళుగా వెలిగాయి. కింద మైదానంలో ఊళ్ళలో దీపాలు ఒక్కొక్కటే వస్తున్నాయి. అంకె చెప్పిన చోటికి ఎక్కి నిలబడింది. గ్రిడ్డు పెద్దలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఊపుకున్నారు. మేస్త్రి కింద దీపాల వైపు చూశాడు. మసి లేకపోయినా బాగానే ఉందనుకున్నాడు.

అంతలో చివరి వరసలో ఒక గడి పసుపుపచ్చగా మారింది.

"వేడెక్కుతోంది," అంది మేడం కుర్చీ ముందుకి లాక్కుని. "చల్లబరిచే గాలి అందట్లేదు. ఎందుకు?"

ఆ మాట చెవిన పడగానే మేస్త్రి తలలో ఉన్న పాఠమంతా ఒక్కసారి చేతుల్లోకి దిగొచ్చింది. బాయిలరుకి వేడి ప్రాణం. బ్యాటరీకి వేడి జ్వరం. పరుగెత్తేకొద్దీ తనంతట తనే వేడెక్కుతుంది, ఆ వేడిని బయటికి పంపేది వెనక జాలీ. ఆ జాలీకి ఆయన దుప్పటి కప్పి తాడు బిగించి వచ్చాడు. ఆయన లేచి తలుపు వైపు రెండడుగులు వేశాడు. తెర మీద గడి ఎర్రబడింది, వెంటనే ఆరిపోయింది. ముదిరేలోపలే పెట్టె తనకి తాను తాళం వేసుకుంది. అది ఆగగానే దానితో జతకట్టిన పెట్టెలూ ఆగాయి. అంకె జారింది. కింద ఒక్క దీపం కూడా ఆరలేదు గానీ, కుర్చీల్లో చొక్కాలు నలిగాయి.

బావమరిది తెర వైపు చూడలేదు. బావ మొహం వైపు చూశాడు. అంతే, అన్నీ అర్థమైపోయాయి.

మనుషులు లైట్లు పట్టుకుని పరుగెత్తి వెళ్ళి, కాసేపటికి రెండు దుప్పట్లతో తిరిగొచ్చారు. ఒకటి ఎర్ర అంచు, ఒకటి నీలం అంచు. మేడం వాటిని బల్ల మీద పరిపించింది. 

"పెట్టెకి... దుప్పటి... కప్పారా?"

గ్రిడ్డు పెద్దల్లో ఒకాయన దగ్గరికొచ్చి ఉన్ని పట్టుకుని చూశాడు. "మంచి దుప్పట్లే," అన్నాడు, ఏమనాలో తెలియక.

"ఎవరివివి?" అంది మేడం.

మేస్త్రి నోరు తెరిచాడు. ఆ క్షణంలోనే ఆయన బూటు మీద బావమరిది బూటు పడింది, బలంగా.

"నావే మేడం," అన్నాడు బావమరిది.

"రెండూనా?"

"రెండూ. నాకు చలెక్కువ. నాకు చలేస్తే పెట్టెకీ వేస్తుంది కదా అనుకున్నాను. మా బావ వద్దని తిట్టాడు కూడా. అడగండి."

మేడం మేస్త్రి వైపు తిరిగింది. మేస్త్రి నోరు తెరుచుకునే ఉంది, అందులోంచి మాట రాలేదు. భార్య వంటింట్లో చెప్పిన మాటా, దీవీ, సముద్రమూ, కాలి మీద బరువూ అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. ఆ నోరు తెరుచుకున్న మొహాన్ని చూసి, పాపం ఈయనకీ నమ్మశక్యంగా లేనట్టుందని అందరూ అనుకున్నారు.

గదికి వెళ్ళాక మేస్త్రి తలుపు వేసి, "నీకేమైనా పిచ్చా?" అన్నాడు.

"అరవకు. పక్క గదివాళ్ళు నిద్రపోతున్నారు."

"నా తప్పు నువ్వెందుకు నెత్తినేసుకున్నావు?"

"నిన్ను ఇంటికి చేర్చే పూచీ నాది. అక్క అప్పగించింది."

"నాకు నిన్ను అప్పగించలేదా?"

"నేనే ముందు నోరు తెరిచాను. నువ్వు ఎప్పుడూ ఆలస్యమే బావా. నీ పెళ్ళికి కూడా ఆలస్యంగా వచ్చావు." చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. "అయినా దీవిలో బాయిలరుంది. ఈ పెట్టెలు నాకు సరిపడవు. ఆరు నెలలు కాసి వస్తాను."

తెల్లారగానే మేస్త్రి తల దువ్వుకుని మేడం గదికి వెళ్ళి నిలబడ్డాడు. "తప్పు నాది మేడం. దుప్పట్లు కప్పింది నేను," అన్నాడు.

మేడం కలం కింద పెట్టి ఆయన వైపు జాలిగా చూసింది. "రాత్రి మీ బావమరిది వచ్చి చెప్పాడు. పొద్దున్నే మా బావ వచ్చి తప్పు నాదే అంటాడు, నేనంటే ఆయనకి ప్రేమెక్కువ, నమ్మకండి అన్నాడు."

"వాడు అబద్ధమాడుతున్నాడు. ఎర్ర అంచుది నాది. అది చాలక వాడిది తెచ్చాను. స్క్రూడ్రైవరు పెట్టి విన్నాను. అది వణికింది."

"ఏది వణికింది?"

"చలిపిల్ల."

మేడం మొహంలో జాలి పోయింది. అప్పటికి ఆమెకి తెలిసిపోయిందని మేస్త్రికి తెలిసింది. "ఆ పెట్టెలో ఫ్యాను ముందర మరమేకొకటి వదులై అదురుతోంది," అంది నెమ్మదిగా. "రాత్రే బిగించారు. మేస్త్రిగారూ, ఒక పేరు పైకి వెళ్ళిపోయింది. మీరిప్పుడు మాట మారిస్తే, చేసినందుకు మీరు, అబద్ధమాడినందుకు అతను, ఇద్దరూ దీవికే. వాళ్ళకి మనుషులు కావాలి, సంతోషంగా ఇద్దర్నీ తీసుకుంటారు. ఇంట్లో ఎవరుంటారు?"

మేస్త్రి కిటికీలోంచి చివరి వరస వైపు చూశాడు.

"వెళ్ళి టీ తాగండి," అంది మేడం.

రేవుకి వెళ్ళే బస్సు దగ్గర బావమరిది కిటికీలోంచి తల బయటపెట్టాడు. "బావా, నిజం చెప్పు. అది మరమేకు వదులని తెలిసిందిగా. ఇంకా వణికిందనే అంటావా?"

"వణికింది రా."

"అక్క చెప్పింది నిజమే. మొండిఘటానివి." బస్సు కదిలింది. వాడింకా ఏదో అంటున్నాడు, మేస్త్రికి వినపడలేదు.

మేస్త్రి ఇంటికొచ్చిన రోజు భార్య తలుపు తీసి ఆయన్ని చూసింది. తర్వాత ఆయన భుజం మీదుగా వీధిలోకి చూసింది.

"వాడేడీ?"

"ఆరు నెలల్లో వస్తాడు."

"ఎక్కడికెళ్ళాడు?"

మేస్త్రి గుమ్మంలోనే నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు.  అంతా విని ఆమె లోపలికెళ్ళి తమ్ముడికి ఫోన్ చేసింది.

"నీకు చలెక్కువా? ఎప్పట్నించిరా?" అంది. అవతల వాడు నవ్వడం మేస్త్రి దాకా వినిపించింది. "నవ్వకు. ఎప్పుడొస్తావు?"

"ఇక్కడి బాయిలరు నాకోసమే బతికున్నట్టుంది అక్కా. తీగ వేసేస్తే దీన్ని ఆర్పేసి వచ్చేస్తాను. బావ బాగా చేరాడా?"

"చేరారు."

"అయితే నా పని అయిపోయింది."

ఆరు నెలలయ్యాక, బదులు మనిషి దొరకలేదని ఇంకో ఆరు నెలలన్నారు. ఆ తర్వాత లెక్క చెప్పడం మానేశారు. ఊళ్ళో కొత్త యార్డు మరుసటి ఎండాకాలం పని మొదలుపెట్టింది. మేస్త్రి రిటైరయ్యేదాకా అందులోనే పనిచేశాడు. సముద్రం అడుగున తీగ పూర్తయ్యాక దీవిలో బాయిలరు ఆర్పేశారు, దాన్ని కాసినవాళ్ళంతా ఇళ్ళకు చేరారు. బావమరిది తిరిగి రాలేదు. వెళ్ళిన రెండో ఏడు ఆగస్టులో, బాయిలరు ఆర్పడానికి నెల ముందు, జ్వరమొచ్చి అక్కడే పోయాడు.